గోల్డు బిళ్ల

ఆదోనిలో మా పత్తి జిన్నింగు మిల్లు ఓనరుకు నేను డ్రైవర్ని. ఆయన పనేమీ లేకున్నా బెంగళూరులో విమానమెక్కి, ఢిల్లీలో దిగి, ఎయిర్‌పోర్టు దాటకుండానే తిరిగొచ్చేవాడు. అట్లా ఎక్కువసార్లు ఎక్కితే బ్యాగుకు కట్టుకునే గోల్డు మెంబరు బిళ్ల ఇస్తారంట. ఎయిర్‌పోర్టు గేటుకాడ ఎవరు పలకరించినా వంగి "థాంక్యూ" అనేవాడు. మిల్లులో మాత్రం మాటకంటే ముందు ఆయన చెయ్యి లేసేది.

ఒకసారి మిల్లు గేటు తీసేది లేటయిందని వాచ్‌మన్‌ను ఆ బిళ్ల కట్టిన బ్యాగుతోనే మూతి మీద బాదినాడు. రెండు పళ్లు రాలినాయి. బిళ్ల తెగి పత్తి దుమ్ములో పడింది.

"వెతకరా!" అని డొక్కలో తన్నినాడు.

వాచ్‌మన్ నెత్తురు ఉమ్ముతానే దేవులాడి, బిళ్లను చొక్కాకు తుడిచి, "ఈడుంది సార్" అని అందించినాడు.

ఓనరు అలవాటుగా "థాంక్యూ" అన్నాడు.

వాచ్‌మన్ గబుక్కున రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.