సైరన్ లేని కుదుపు

సైరన్ మూడుసార్లు మోగి, దారికి రెండు పక్కలా ఎర్రజెండాలు నిలబడితే తప్ప బలరాం వేలు మీట మీదికి పోదు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో రాతిని పేల్చడం అతని పని. మధ్యాహ్నం అతను మీట నొక్కితే, కొత్తగూడెం శివారులో వాళ్లుండే గల్లీలో గిన్నెలు గలగలమంటాయి. ఎవరూ ఉలిక్కిపడరు. బలరాం డ్యూటీలో ఉన్నాడనుకుంటారు, అంతే.

అందుకే 2024 డిసెంబరు 4 పొద్దున భూమి నిజంగా కదిలినప్పుడు ఆ గల్లీ జనం మైదానంలోకి పరుగెత్తలేదు. బలరాం ఇంటి మీదికి వచ్చారు. అతను లుంగీతో, చేతిలో బ్రష్షుతో వాకిట్లో నిలబడి గనికి ఫోన్ చేసి అరుస్తున్నాడు.

"ఎవడ్రా సైరన్ లేకుంట పేల్చింది? గనిల మనుషులు తిరుగుతలేరా?"

అవతలివాడికి ఏమీ అర్థం కాలేదు. ములుగు అడవుల్లో భూకంపమని కాసేపటికి టీవీ చెప్పింది. అందరూ నమ్మారు, ఎదురింటి పద్మావతమ్మ తప్ప.

పద్మావతమ్మది ఇనుము, సిమెంటు అమ్మే దుకాణం. కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి అశ్వారావుపేటలో పామాయిల్ తోట వేసుకున్న కుటుంబం. ఆ పొద్దున ఆమె వంటింటి గోడ నేల నుంచి కిటికీ దాకా చీలింది.

"భూకంపమైతే గల్లీ అంతా చీలాలి గదా, నా గోడ ఒక్కటేనా? ఎవడు పేల్చాడని ఫోన్లో అరిచింది మీరే. ఈ చెవులతో విన్నాను బలరాం గారూ."

ఆ ఫోన్ మాట అతనికి తగిలింది. అంతకన్నా ఆ 'గారు' ఎక్కువ తగిలింది. ఏన్కూరు దగ్గరి తండా నుంచి వచ్చి ఈ గల్లీలో కిరాయికి దిగిన కొత్తలో, బలరాం ఇంటికి పచ్చడి జాడీ పంపిన మొదటి మనిషి ఆమె. అప్పటి నుంచీ 'తమ్ముడూ' అనే పిలుపే. గోడ బాగు చేయిస్తానని అతను వెళ్లి చెబితే, "పగలగొట్టింది మేమేనని ఒప్పుకుని చేయించండి" అంది. ఒప్పుకోవడానికి అతనికి మనసు రాలేదు. సైరన్ లేకుండా పేల్చాడన్న మాట పడితే ఆ పనిలో ఇక మిగిలేదేముంది? ఏడాదిపాటు ఆ చీలిక అట్లాగే ఉంది. ఆమె నోట 'గారు' కూడా.

బలరాం కూతురు కవిత డిగ్రీ కాలేజీలో జియాలజీ చెబుతుంది. ఫోన్‌లో చోటును చూపే అంకెలను పట్టుకుని, దాచిన డబ్బాలు వెతికే ఆట ఒకటి ఉంది, జియోకాషింగ్ అంటారు. ఒక డబ్బా దొరికితే అందులో తర్వాతి చోటి అంకెలుంటాయి. ఈ ప్రాంతంలో భూమి కదిలిన కథను అట్లా నాలుగు మజిలీలుగా అల్లింది కవిత. విద్యార్థులకు ఇచ్చే ముందు ఒకసారి ఆడి చూడాలంటూ తండ్రిని కారెక్కించింది. ఎదురింటికి వెళ్లి "పెద్దమ్మా, నువ్వు కూడా రావాలె" అంది. తన వంటింట్లో పెరిగిన పిల్లను పద్మావతమ్మ కాదనలేదు. ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి చూడలేదు.

మొదటి డబ్బా కొత్తగూడెంలోనే, భద్రాచలం రోడ్డు అని పిలిచే రైల్వే స్టేషన్ బయట వేపచెట్టు తొర్రలో దొరికింది. 1969లో భద్రాచలం దగ్గర వచ్చిన భూకంపం గురించి నాలుగు వాక్యాలు, కింద అంకెలు.

రెండోది గని దూరంగా కనిపించే దిబ్బ మీద. డబ్బాలో అరచేతంత నల్లరాయి. దాని మీద ఆకు అచ్చు, ఈనెలతో సహా. కవిత కిందికి చూపించింది. కోట్ల ఏళ్ల కింద ఇక్కడ నేల బారుగా చీలి, మధ్య భాగం కుంగిందట. అందులో పూడిన అడవే బొగ్గయింది. గోదావరి పారేదీ ఆ పల్లంలోనే. పాత చీలిక అప్పుడప్పుడు సర్దుకుంటుంది, అదే భూకంపం.

బలరాం రాయిని అటూ ఇటూ తిప్పాడు. ఇన్నేళ్లుగా అతనికి అన్నం పెట్టిందీ, అతని పేరు చెడగొట్టిందీ ఒకే చీలిక.

"ములుగుల కదిలితే హైదరాబాద్ దాకా తెలిసింది గద బిడ్డా," అన్నాడు నెమ్మదిగా. "అంత నేలను ఊపాలంటే పేలుడు మందు ఎన్ని లారీలు పడ్తది?" లెక్క వేయబోయాడు. పెదవులు కాసేపు కదిలి ఆగిపోయాయి. "మేం పేల్చేది ఏంది? ఎద్దు మీద ఈగ వాలినట్టు."

 పద్మావతమ్మ ఆకురాయిని అతని చేతిలోంచి తీసుకుంది.

పాల్వంచ దాటి అడవి గుండా భద్రాచలం చేరేసరికి ఎండ తగ్గింది. మూడో డబ్బా గోదావరి రేవులో కొబ్బరికాయలమ్మే దూలయ్య బండి కింద ఉంది. 1969లో అతను పడవ నడిపేవాళ్ల పిల్లాడు.

"రాత్రి అన్నం తిందామని పడవల కూసున్నం," అన్నాడు దూలయ్య. "గాలి లేదు, అల లేదు. కింద నుంచి ఎవరో భుజంతో ఎత్తినట్టయింది. మా అయ్య నీళ్లకు దండం పెట్టిండు. అన్నం ముట్టలే."

"ఇక్కడ దగ్గర్లో ఏదన్నా పేల్చారేమో?" అంది పద్మావతమ్మ.

"ఈ రేవుల ఏం పేలుస్తరమ్మా, కొబ్బరికాయలా?"

బలరాం నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. ఆమె నదిని చూస్తూ నిలబడింది. అంత వెడల్పు నీళ్లు, చప్పుడు లేకుండా పోతున్నాయి. వాటి కింద ఏముందో ఆమె మొదటిసారి ఆలోచిస్తున్నట్టుంది.

"మరి నా గోడ ఒక్కటే ఎందుకు చీలిందే?" కవితను అడిగింది. ఈసారి గొంతులో పోట్లాట లేదు.

"మీ వంటిల్లు తర్వాత కట్టింది గద పెద్దమ్మా. మట్టి పోసి ఎత్తు చేసిన జాగ. పాత గోడకు ఊరికే అతికించిన్రు, మధ్యల ఇనుము లేదు."

పద్మావతమ్మ నుదురు కొట్టుకుంది. "ఊరందరికీ ఇనుము అమ్ముతాను. నా గోడకు వేయించలేదు."

మూడో డబ్బాలోని అంకెలు నొక్కితే ఫోన్ వెనక్కి, కొత్తగూడెం వైపు చూపించింది. నాలుగో డబ్బా ఇంకా దాచలేదని కవిత చెప్పింది. "అది నీ గోడ దగ్గర పెట్టాలని ఉంది. చూడవచ్చినోళ్లకు భూకంపం చీల్చిన గోడ అని చెప్తం. నువ్వు ఒద్దంటే ఆట ఇక్కడికే ఆపుత."

బలరాం చూపు నీళ్ల మీద నుంచి కదల్లేదు. 

"పెట్టుకోవే," అంది ఆమె చివరికి. కారు దగ్గరికి నడుస్తూ వెనక్కి తిరిగింది. "తమ్ముడూ, మీ ఇంట్లో నిచ్చెన ఉందిగా? రేపు మేస్త్రీ వస్తాడు. డ్యూటీ దిగాక తీసుకురా."

మరునాడు మేస్త్రీ ఇనుప కడ్డీలు దించి గోడ పూశాడు. కిటికీ కింద జానెడు చీలిక అట్లాగే వదిలేయమంది పద్మావతమ్మ. పక్కనే మేకు కొట్టించి, తను తెచ్చుకున్న ఆకురాయి పెట్టిన డబ్బాను తగిలించింది. నిచ్చెన బలరాం పట్టుకున్నాడు.

మొదటి ఆదివారం ఆ గోడ చూడటానికి పదకొండు మంది వచ్చారు.