ఒకే తల్లి ఎలుక పిల్లలు

మా మనవరాలు తెల్ల ఎలుకను పెంచుకుంటోంది. దాని పంజరంలో తడిసిన రంపపు పొట్టు వాసన తగిలితే చాలు, నాకు మా దీవిలో షెమాన్ గ్రెనియే ఊరి దగ్గరి మా కాన్ గుర్తొస్తుంది. చెరకు తోట కూలీల పాకల వరుసను అలా అనేవాళ్ళం. వాన వెలిసిన సాయంత్రం గడ్డి కప్పుల మీంచి లేచే ఆవిరి, అవ్వ రాతి మీద నూరే పసుపు, ఎండుమిర్చి ఘాటు, కోతల కాలంలో మిల్లు వైపు నుంచి గాలి మోసుకొచ్చే పాకం కమ్మదనం, ఉగాది పచ్చడిలోకి చింతపండు పిసికే అమ్మ చేతులు, గోలీలాటలో మోకాళ్ళకంటిన ఎర్రమట్టి... ఇవన్నీ తలుచుకుంటే ఎవరికైనా కళ్ళు తడుస్తాయి. నాకు మాత్రం పళ్ళు బిగుసుకుంటాయి. వాటి మధ్యలో మా మాస్టారు నిలబడి ఉంటాడు మరి.

బడిలో తోట గుమాస్తాల పిల్లలకు ముందు బల్లలు, మాకు వానజల్లు కొట్టే వెనక గోడ. అక్కణ్ణుంచి బోర్డు మీది అక్షరాలు చీమల్లా కనిపించేవి. మా పెదనాన్న కొడుకు సోమన్న చదవడానికి లేచి తడబడితే మాస్టారు "బెత్!" అని అరిచేవాడు. మొద్దు అని దానర్థం. "కాన్ పిల్లలకు రక్తంలోనే చదువు లేదు" అనేవాడు.

ఆ చలికాలం ఆవుల పాక దగ్గర గడ్డి తీస్తుంటే పిల్లలతో ఉన్న ఎలుక, మా దీవి మాటలో లెరా, దొరికింది. వాటి మీద పొయ్యడానికి అవ్వ వేణ్ణీళ్ళు తెచ్చేలోపు సోమన్న వాటిని బుట్టకింద మూశాడు. పిల్లలు సొంతంగా తినడం మొదలెట్టాక చెరిసగం పంచుకున్నాం. నావి మామిడిపళ్ళ పెట్టెలో పెరిగాయి. అందులో లీచీ కొమ్మలు, కొబ్బరి చిప్పలు, దారపు ఉండలు వేసేదాన్ని, వేరుశనక్కాయలు దాచి వెతికించేదాన్ని, రోజూ ఒళ్ళో ఆడించేదాన్ని. పెదనాన్నకు ఎలుకలంటే అసహ్యం కాబట్టి సోమన్న తన వాటిని చిల్లులు పొడిచిన బిస్కెట్ డబ్బాలో దాచి, ఇంత తిండి పడేసి మూత పెట్టేసేవాడు.

ఒకరోజు ఇటుకలతో సందులు పేర్చి, చివర కొబ్బరి ముక్క పెట్టాం. నావి వాసన చూస్తూ, ఓసారి దారి తప్పి, మరోసారికి నేరుగా పరుగెత్తాయి. అతనివి మూల వదల్లేదు, ముట్టుకుంటే వణికి కరిచాయి.

"నీవి బెత్!" అని నవ్వాను.

సోమన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా లెరాలు బెత్ కాదు చెల్లీ. డబ్బాలో ఏం చూశాయి పాపం?"

నా నవ్వు ఆగిపోయింది. ఆ క్షణం మాస్టారి మీద పుట్టిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. మర్నాడు పెట్టె, డబ్బా రెండూ మాస్టారి బల్ల మీద పెట్టాను.

"మిస్యే, ఇవి ఒకే తల్లి పిల్లలు. పెట్టెలో ఆడుతూ పెరిగినవి దారి కనిపెట్టాయి, డబ్బాలో మూసినవి మూల వదల్లేదు. వీటిలో దేనికి రక్తంలో లేదు?"

ఆయన రెండింటినీ కిటికీలోంచి విసిరేశాడు. "వీడే నేర్పి ఉంటాడు" అంటూ నన్ను వదిలి సోమన్నను అందరి ముందూ బెత్తంతో కొట్టాడు. స్కాలర్‌షిప్ పరీక్షకు అతని పేరు పంపలేదు. సోమన్న చెరకు కత్తి పట్టాడు. నన్ను సాంత్ర్ ద ఫ్లాక్ పట్నంలోని మేనమామ తన ఇంటికి తీసుకెళ్ళాడు. అక్కడ దీపం, పుస్తకాలు, నా ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పే అత్త ఉన్నారు.

స్వాతంత్ర్యం వచ్చి జెండా మారిన ఏడాదే అదే బడికి టీచరుగా వచ్చాను, కావాలని అడిగి మరీ. మాస్టారు రిటైరవుతున్నాడు. వీడ్కోలు సభలో పాత విద్యార్థిగా ఆయన్ని పొగడమని నన్ను అడిగారు. పొలం నుంచి, కాల్చిన చెరకు మసి అంటిన బట్టలతోనే సోమన్నను తీసుకొచ్చి పెద్దల వరసలో కూర్చోబెట్టి, ఎలుకల కథంతా చెప్పాను. ఆయన మాటలన్నీ ఆయన గొంతుతోనే చెప్పాను. మెడలో దండతో ఆయన తల దించుకున్నాడు. చప్పట్లు ఒక్కరూ కొట్టలేదు. నాకెంత హాయిగా అనిపించిందో!

ఇంటికి వస్తుంటే సోమన్న అన్నాడు: "బాగా చెప్పావు చెల్లీ. మరి నాకిప్పుడు చదువెవరు చెబుతారు?"

నేనే చెబుతానన్నాను. కొన్ని సాయంత్రాలు వచ్చాడు. కాయలు కాసిన వేలు అక్షరాల మీద పెట్టి సిగ్గుగా నవ్వేవాడు. తర్వాత రావడం మానేశాడు.

ఇప్పుడు ఆ కాన్ లేదు. అక్కడ సెలవులకొచ్చేవాళ్ళ విల్లాలు లేచాయి. గడ్డి కప్పులు, నూరుడు రాళ్ళు, గోలీలు పోయాయి. మాస్టారు ఎప్పుడో పోయాడు. పోయిన వానాకాలం సోమన్న కూడా పోయాడు.

"చచ్చినవాళ్ళ మీద పగేమిటమ్మా, క్షమించెయ్" అంటుంది నా కూతురు.

దెబ్బలు నాకు తగిలుంటే ఏమో. సోమన్న తరఫున క్షమించే హక్కు నాకెవరిచ్చారు?