మా అత్తయ్య నోట రాని పేరు

మా అత్తయ్య కోటమ్మగారు పెళ్ళయిన నాటి నుంచి మొగుడి పేరు పలకలేదు. ఇందులో వింతేముంది, ఆ తరం ఆడవాళ్ళెవరూ పలికేవారు కాదు కదా అంటారేమో. వాళ్ళ సంగతి వేరు. వాళ్ళ మొగుళ్ళు ఏ పిచ్చయ్యలో, పుల్లయ్యలో. ఆ పేరు నోట రాకపోతే ఏ పనీ ఆగదు. మా మావయ్య పేరు సూర్యనారాయణ. రోజూ తూర్పున పొడిచేవాడి పేరది. దాన్ని తప్పించుకుంటూ బతకడమంటే మాటలు కాదు.

అత్తయ్య లోకంలో సూర్యుడు లేడు, ‘పైనాయన’ ఉన్నాడు. సూర్యగ్రహణం వస్తే ‘పైనాయనకి పట్టింది’ అంటుంది. నారాయణ కూడా పేరులో ముక్కే కాబట్టి ఆ దేవుణ్ణి ‘పాము మీద పడుకున్నాయన’ అని పిలుస్తుంది. ఒకసారి సూర్యాపేటలో చుట్టాల పెళ్ళికి బయల్దేరింది. బెజవాడ బస్టాండులో ఊరి పేరు చెప్పలేక ‘ఆ పేట బస్సు ఏది బాబూ’ అని అడిగిందట. వాళ్ళు చిలకలూరిపేట బస్సెక్కించారు. చదివింపుల ఇత్తడి బిందె ఒళ్ళో పెట్టుకుని వెళ్ళి, అక్కడ దిగి, అదే బిందెతో తిరిగొచ్చింది. పెళ్ళి తప్పిపోయినందుకు ఆవిడకి ఇసుమంత విచారం లేదు. నోరు జారలేదని గర్వం.

ఇదంతా సిగ్గు వల్ల అనుకుంటే పొరపాటు. భార్య పేరు పెట్టి పిలిచినప్పుడల్లా భర్త ఆయువు కొంచెం తరిగిపోతుందని ఆవిడ గట్టి నమ్మకం. నేనేమో మా ఆయన్ని ‘భాస్కర్, చెత్త పారెయ్యి’, ‘భాస్కర్, ఫోన్ ఎత్తు’ అని పొద్దస్తమానం పిలుస్తుంటాను. పిలిచిన ప్రతిసారీ వెనకనుంచి ‘నిండు నూరేళ్ళు’ అని గొణుగుడు వినిపించేది. నేను కోసేసిన ఆయువుని ఆవిడ అతుకు వేస్తోందన్నమాట. 1984లో అత్తయ్య, మావయ్య అమెరికాకి, చాండ్లర్‌లో మా ఇంటికొచ్చి కొన్నాళ్ళున్నారు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎన్ని నూరేళ్ళు పోగయ్యాయో ఆ పైనాయనకే తెలియాలి.

భాస్కర్ కంప్యూటర్ చిప్‌లు చేసే కంపెనీలో ఇంజనీరు. వాళ్ళ నాన్నకి పాత అమెరికా చూపించాలని ఉబలాటపడి ఒక ఆర్‌వీ అద్దెకి తెచ్చాడు. ఇల్లూ బస్సూ కలిసిన బండి అది. అత్తయ్య లోపలికి తొంగిచూసి, పొయ్యి పక్కనే మరుగుదొడ్డి తలుపు కనబడగానే గుమ్మంలో ఆగిపోయింది.

“ఇదేందమ్మాయ్, పోపు వేస్తా అందులోకి చూడాలా?” అంది. వంట ఆరుబయట చేసేటట్టు ఒప్పందం కుదిరాక గానీ ఎక్కలేదు.

సిల్వర్ స్పర్ అని ఎడారిలో ఒక పాత వెండి గనుల ఊరు. గనులు ఎప్పుడో మూతబడ్డాయి. జైలు, కోర్టు, సారా కొట్టు అలాగే నిలబెట్టి, రోజుకి రెండుసార్లు తుపాకుల పోట్లాట ఆడించి, చూడ్డానికి టిక్కెట్టు పెట్టారు. ఊరికి ఎదురుగా, ఎండిపోయిన వాగుకి ఇవతల ఆర్‌వీ పార్కు ఉంది. అందులో దిగాం. ‘మా ఊళ్ళో పశువుల కొట్టం దీనికన్నా పాతది, దానికి ఎవడూ టిక్కెట్టు కొనడే’ అని అత్తయ్య పెదవి విరిచింది. మావయ్యకి మాత్రం పండగే. రిటైరైన స్టేషన్ మాస్టరు కదా, కనబడిన ప్రతి బోర్డూ పైనుంచి కిందిదాకా చదివితే గానీ కదలడు. గోడకి తగిలించిన నిప్పార్పే డబ్బా మీది అక్షరాలు కూడా వదల్లేదు.

రెండో రోజు మధ్యాహ్నం అసలు కథ మొదలైంది. బండి మురుగు గొట్టం చిల్లు పడితే, కొత్తది కొనడానికి భాస్కర్ ఒక పొరుగాయన కారులో టౌన్‌కి వెళ్ళాడు. నేను మాసిన బట్టలన్నీ మూటగట్టి పార్కు లాండ్రీలో కూర్చున్నాను. గనుల ఊళ్ళో పాత రైల్వే స్టేషన్ కూడా ఉందని ఎవరో చెప్పగానే మావయ్య కాళ్ళు ఆగలేదు. ‘ఇప్పుడే వస్తా’ అని పంచె ఎగ్గట్టి వెళ్ళాడు. వెళ్ళినవాడు రాడు. ఎండ వాలుతోంది. ఒంట్లో షుగరు ఉన్న మనిషి, చేతిలో మంచినీళ్ళు లేవు, చుట్టూ ఎడారి. అత్తయ్య బండి చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. నేను లాండ్రీలో ఉన్నానని ఆవిడకి తెలుసు గానీ, అదెక్కడుందో తెలియదు. తెలిసిందల్లా ఆఫీసు. చెప్పులు కూడా వేసుకోకుండా అక్కడికే పరిగెత్తింది.

ఆఫీసులో రాబర్టా అని పెద్ద జుట్టు, పెద్ద మనసు ఉన్న ఆవిడ ఉండేది. అక్కడ జరిగింది నేను కళ్ళారా చూడలేదు. సగం అత్తయ్య చెప్పింది, మిగతా సగం రాబర్టా నటించి చూపించింది.

“హజ్బెండ్” అన్న మాట అత్తయ్యకి ఆ కంగారులో గుర్తుకు రాలేదు. పేరు చెప్పకూడదు. ఆలోచించి ఆలోచించి ఉపాయం కనిపెట్టింది. ఇంగ్లీషులో చెబితే అది పేరు కాదు, అర్థం మాత్రమే. అర్థానికి ఆయువుతో పనిలేదు. కిటికీలోంచి పైనాయన్ని చూపించి, గుండె మీద చెయ్యి వేసుకుని, “మై సన్! నో కమ్!” అంది.

రాబర్టా ఉలిక్కిపడింది. కొడుకు తప్పిపోయాడు! పైగా ఎండలో! పేరేమిటంటే అత్తయ్య మళ్ళీ పైనాయన్నే చూపించింది, రాబర్టా ‘సన్నీ’ అని రాసుకుంది. వయసెంత అని అడిగింది. మావయ్యకి అరవై ఆరు. అంత పెద్ద లెక్క ఇంగ్లీషులో రాక, అత్తయ్య అంకెలు విడదీసి “సిక్స్... సిక్స్” అంది. ఆరేళ్ళు, పాపం, కంగారులో రెండుసార్లు చెబుతోంది అనుకుంది రాబర్టా. ఎలా ఉంటాడు? అత్తయ్య ముందు పళ్ళు చూపించి, లేవన్నట్టు చెయ్యి ఊపింది. మావయ్య ముందు పళ్ళు రెండు నెలల క్రితమే పీకించారు. ఆరేళ్ళ వాడికి ముందు పళ్ళు ఉండవు కదా! ఏం వేసుకున్నాడు? “వైట్ క్లాత్” అంటూ నడుం చుట్టూ చుట్టి చూపించింది. ఇంకేమైనా చెప్పాలా హనీ అని అడిగితే, “స్వీట్ నో గివ్!” అని వేలెత్తి గట్టిగా హెచ్చరించింది.

నేను లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుండగా మైకు మోగింది. ఆ మైకు బింగో ఆటకి, విందు భోజనాలకి పిలవడానికి పెట్టింది. వాగు అవతలి గనుల ఊరిదాకా వినిపిస్తుంది. సన్నీ అనే ఆరేళ్ళ బాబు తప్పిపోయాడు, ముందు పళ్ళు లేవు, తెల్లగుడ్డ చుట్టుకున్నాడు, దయచేసి మిఠాయి పెట్టకండి, వాళ్ళమ్మ ఆఫీసులో ఏడుస్తోంది, అందరూ వెతకండి అని దాని సారాంశం. పార్కు కొలనులో ఈత కొట్టి తుండుగుడ్డతో అలాగే వెళ్ళిపోయి ఉంటాడు అనుకున్నాను. నాకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళ పిల్లాణ్ణి ఎడారిలో వదిలేసి ఏం వెలగబెడుతోందట ఆ తల్లి? దుప్పట్లు అక్కడే పడేసి, నేనూ వెతకడానికి బయల్దేరాను.

అప్పటికే పార్కంతా కదిలింది. ముసలివాళ్ళు చేతికర్రలు పట్టుకుని, ఆడవాళ్ళు జుట్టుకి చుట్టుకున్న రోలర్లు విప్పకుండానే వాగు దాటుతున్నారు. తుపాకుల పోట్లాట మధ్యలో ఆపేసి, చచ్చిపడ్డవాళ్ళు కూడా లేచి వచ్చారు. పాత స్టేషన్ దగ్గర ఒక గూడ్సు పెట్టె కిందికి వంగి, తలపాగా చుట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ‘సన్నీ! సన్నీ బాబూ!’ అని పిలుస్తున్నాడు. ఆ గొంతు మా మావయ్యది.

“నళినీ, నువ్వూ వచ్చావా? మంచిపని చేశావమ్మా” అన్నాడు నన్ను చూసి. “ఇందాకట్నుంచి వెతుకుతున్నా. టిక్కెట్ల గది చూశా, నీళ్ళ తొట్టి చూశా. వెధవ ఎక్కడా లేడు. పసివాడు, నోట్లో పళ్ళు కూడా లేవంట!”

“తల్లికి బుద్ధి ఉండొద్దూ మావయ్యా?” అన్నాను.

“అట్లాంటి ఆడమనిషి చేతిలో పిల్లాణ్ణి పెట్టిన దేవుణ్ణనాలి” అన్నాడు ఆయన, ముందు పళ్ళు లేని నోటితో.

ఇంతలో నడుముకి రెండు తుపాకులు వేలాడేసుకున్న వేషగాడు ఒకడు వచ్చి, తెల్లగుడ్డ కట్టుకుని పళ్ళు లేని కుర్రాణ్ణి ఎక్కడైనా చూశారా అని మావయ్యనే అడిగాడు. మావయ్య తెల్ల పంచె కుచ్చిళ్ళు సవరించుకుని, “నో సర్, వీ ఆర్ ఆల్సో సెర్చింగ్” అని స్టేషన్ మాస్టరు ఇంగ్లీషులో జవాబిచ్చాడు. నాకూ అనుమానం రాలేదంటే, కోపం మనిషి బుర్రని ఎంత మూసేస్తుందో చూడండి.

అక్కడ ఆఫీసులో అత్తయ్య కిటికీ దగ్గర నిలబడింది. పైనాయన కొండ అంచుకి దిగిపోయాడు. కిందాయన జాడ లేదు. ఇంతమంది వెళ్ళినా వట్టి చేతులతో తిరిగి వస్తున్నారు. చీకటి పడితే ఆ మనిషి ఏ గని గోతిలో పడతాడో అని ఆవిడకి ఒకటే భయం. పేరు పలికితే ఆయువు తగ్గుతుంది. పలకకపోతే ఈ రాత్రికే మనిషి ఉండడేమో. రాబర్టా చెప్పింది, అత్తయ్య రెండు చెంపలూ గట్టిగా వాయించుకుందట, ఆ పొద్దుకి దణ్ణం పెట్టిందట, తర్వాత రాబర్టాని పక్కకి నెట్టి మైకు లాక్కుందట.

“సూర్యనారాయణా!”

ఎడారి అంతా మోగింది. వెంటనే మర్యాద గుర్తొచ్చినట్టుంది, “గారూ!” అని మరో కేక వినిపించింది. “ఓ సూర్యనారాయణగారూ! యాడున్నా వచ్చెయ్యండి! నాకు భయమేస్తంది!”

మావయ్య గూడ్సు పెట్టె కింద నుంచి లేవబోయి తల కొట్టుకున్నాడు.

“ఎవరమ్మాయ్ అది? ఈ దేశంలో నా పేరు ఎవరికి తెలుసు?”

“అత్తయ్య, మావయ్యా.”

“మీ అత్తయ్య కాదు. తను నా పేరు పలకదు” అన్నాడు. మైకులో పేరు మళ్ళీ వినిపించింది, ఈసారి ఏడుపుతో. ఆయన కదలకుండా విన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ గొంతులో ఆ పేరు ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు, అందుకే గుర్తుపట్టలేకపోయాడు. మొహం ఒక్కసారిగా పసిపిల్లాడిలా అయిపోయింది. మరుక్షణం పంచె పైకి పట్టుకుని వాగులోకి పరుగు తీశాడు. ఆయన వెనక నేను, నా వెనక చచ్చి లేచిన దొంగలు. పరిగెడుతూ నాకు తెలియకుండానే ‘నిండు నూరేళ్ళు, నిండు నూరేళ్ళు’ అని గొణుక్కుంటున్నాను.

ఆఫీసు ముందు అత్తయ్య ఆయన చొక్కా పట్టుకుని తిట్టింది, ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. రాబర్టా ఆయన వెనకాల అటూ ఇటూ చూసి, పిల్లాడేడీ అంది. ముందు పళ్ళు లేని ఆ నోరూ, తెల్ల పంచే అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు. ఈయనే సన్నీ అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. దొరికిన పిల్లాడికి ఇద్దామని ఎవరో తెచ్చిన ఎర్ర లాలీపాప్‌ని తుపాకుల వేషగాడు మావయ్య చేతిలో పెట్టాడు. అది నోటిదాకా వెళ్ళకముందే అత్తయ్య లాక్కుంది. సరిగ్గా అప్పుడే భాస్కర్ కొత్త మురుగు గొట్టం మెడకి చుట్టుకుని కారు దిగి, ఏమైంది, ఎవరికేమైంది అని అందర్నీ అడగడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం బండి ముందు అన్నం తింటున్నాం. మావయ్య ఎప్పటిలా ఉలవచారు అడగలేదు, గోంగూర అడగలేదు. కంచంలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

“ఏమండీ, తినండి” అంది అత్తయ్య.

ఆయన అన్నం ముద్ద కలిపి, మళ్ళీ విడదీశాడు.

“ఏమండీ, మిమ్మల్నే!”

“ఇంకోసారి పిలువు కోటా, ఇందాకటి లాగా” అన్నాడు మెల్లగా.

“బాగుంది సంబడం! ఆయువు తగ్గించుకోవాలనా?”

“తగ్గితే కాస్త తగ్గనీ. వినకుండా బతికిన ఏళ్ళు చాల్లే.”

అత్తయ్య కంచంలోకి చూసింది, ఆయన్ని చూసింది. కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, నా వైపు తిరిగింది.

“అమ్మాయ్, నేను అనంగానే నువ్వు నిండు నూరేళ్ళు అనాలి. ఆలస్యం చెయ్యబాక. సిద్ధంగా ఉన్నావా?”

ఉన్నానన్నాను.