ఐలయ్య ఇరవైనాలుగు పాయింట్లు

గగన్‌పహాడ్‌లో ఐలయ్యను ఎరగనివాళ్లు ఎవరైనా ఉన్నారంటే, వాళ్లు నిన్నమొన్న కిరాయికి దిగినవాళ్లే అయి ఉండాలి. ఏడో తరగతి బోర్డు పరీక్షలో ఆ ఏడు ఊరి బడి నుంచి పాసైనవాళ్లు ఇద్దరే. అందులో ఆయన ఒకడు. జాతరలో రాతిగుండు ఎత్తినవాడు. రెండుసార్లు వార్డు మెంబరు. ఆ తరువాత ఎయిర్‌పోర్టులో పదకొండేళ్లు ట్రాలీల మీద జమేదారు. తన డ్యూటీలో ఒక్క ట్రాలీ కూడా దారికి అడ్డంగా నిలవలేదని ఆయనే చెబుతాడు. మొన్నీమధ్య మోకాలి ఆపరేషనై మంచం మీద ఉన్న మూడు నెలల్లో, మనవరాలు ప్రియదర్శిని చేతికిచ్చిన కంట్రోలర్ పట్టుకుని వీడియో ఆటలు నేర్చాడు. చెప్పుకునే పట్టికలో ఇప్పుడు అదీ చేరింది.

ఆ ఆదివారం పగటి అన్నాలయ్యాక కొత్త ఆట సంగతి వచ్చింది. ఆట శుక్రవారం విడుదల. అందులో అన్నిటికన్నా కష్టమైన కోట దారిలోకి నలుగురు కలిస్తేనే రానిస్తారు. ఆటలో తమ తరఫున తిరిగే మనిషిని ఎవరికి వాళ్లు ముందే తయారు చేసుకోవాలి. ఆ భాగాన్ని వారం ముందే వదిలారు. బలం, వేగం, ఓర్పు, చూపు, మాట, విద్య అని ఆరు గుణాలు. వాటికి పంచడానికి ఇరవైనాలుగు పాయింట్లు. ఒకసారి ఖాయం చేశాక ఆట అయిపోయేదాకా మార్చే వీలు లేదు. ప్రియదర్శిని, ఆమె అన్న జగదీశ్, జగదీశ్ దోస్తు రవీందర్ తమ మనుషులను తయారు చేసుకున్నారు. నాలుగోవాడు ఉద్యోగం మారి ఊరు విడిచాడు. ఆ చోటు తాతకు ఇద్దామని మనవరాలి పట్టు.

జగదీశ్‌కు మనసొప్పలేదు. "ఆరింటికి డ్యూటీకి పోతా. ఆ లోపల తాత మనిషి పనికొచ్చేటట్టు తయారైతే సరే. లేకుంటే మా ఆఫీసు శేఖర్‌కు ఫోన్ చేస్త," అన్నాడు.

శుక్రవారం నుంచి మనుమలతో జట్టు కడుతున్నానని పాండు కటింగ్ షాపులో ఐలయ్య అప్పటికే చెప్పి వచ్చాడు. అక్కడ చెప్పిన మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది.

"రాయి బిడ్డా," అన్నాడు గోడకు ఆనుకుని. "బలం పది."

"పది ఎందుకు తాతా?"

"జాతరల గుండెత్తింది ఎవరు?"

గడప దగ్గర చింతపండు గింజలు తీస్తున్న భార్య స్వరాజ్యం తల ఎత్తలేదు. "గుండెత్తింది దశరథం. మీ తాత మోకాళ్ల దాక తెచ్చి కాలి మీద పడేసుకున్నడు. ఆ బొటనేలి గోరు ఇప్పటికీ నల్లగనే ఉంటది, చూసుకో."

"నడుము దాక వచ్చింది," అన్నాడు ఐలయ్య.

"మెంబరుగ ఉన్నప్పుడు, సాక్షి లేని మాట చెల్లదని అందరి నోళ్లు మూయిస్తుంటివి. ఇగ ఇయ్యాల నేనే సాక్షిని."

ప్రియదర్శిని నవ్వు ఆపుకుంటూ పదిని ఆరు చేసింది.

"వేగం అయిదు."

"ఆపరేషన్ మోకాలితోనా?" అన్నాడు జగదీశ్.

"ఆటల మనిషికి నా మోకాలెందుకొస్తది రా. వానిది కొత్త మోకాలు. ఆ మాటకొస్తే నాది గూడ కొత్తదే. ఓర్పు అయిదు రాయి. విద్య నాలుగు. ఊరు ఊరంతల పాసైంది ఇద్దరమే."

"నిజమే," అంది స్వరాజ్యం. "రాసింది గూడ ముగ్గురే."

మిగిలిన నాలుగు పాయింట్లు చూపుకు రెండు, మాటకు రెండు పడ్డాయి. జగదీశ్ తెర వైపు ఒకసారి చూసి పెదవి విరిచాడు. "అన్నీ ఉన్నయ్, ఏదీ లేదు. రవీందర్ మనిషి బలమే తొమ్మిది. అంతకంటె తక్కువోడు ఇంకొకడెందుకు తాతా? ఏమనుకోకు." ఫోన్ తీసి శేఖర్ నంబరు వెతకసాగాడు.

పైన విమానం దిగుతోంది. ఐలయ్య తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

చప్పుడు తగ్గాక స్వరాజ్యమే అంది: "ఎద్దుల అంగడి సంగతి చెప్పవేంది?"

"అదేం పనే. ఊకె తోడు పోవుడు."

"ఊకెనా?" ఆమె మనుమల వైపు తిరిగింది. "ట్రాక్టర్లు రాకముందు, ఎద్దును కొననీకె పోవాలంటే ఆరూర్లోళ్లు మీ తాత కోసం మన వాకిట్ల నిలవడేటోళ్లు. కొమ్ములు చూడకపోతుండె, రంగు చూడకపోతుండె. నడిపించి చూస్తుండె. ఏ కాలు నొప్పో నాలుగడుగులల్ల పసిగడుతుండె. ఇగ తువ్వాల కింద చేతి వేళ్లు పట్టి బేరం చేస్తే, అమ్మినోడు గూడ నవ్వుకుంట పోతుండె. కొననీకె వచ్చినోన్ని మాత్రం అంగడికి పోకముందే అడిగేటోడు, ఇంట్ల ఉన్న ఎద్దు ఎట్లుంటదని. దాన్ని చూడంది కదిలేటోడు గాదు."

ఐలయ్య నిటారుగా కూర్చున్నాడు. భార్య తనను పొగిడినందుకు కాదు. ఇంతమందికి చెప్పిన మాట, ఈ పూట తానే మరిచిపోయినందుకు.

"జగదీశ్, జర ఫోన్ పక్కకు పెట్టు. తప్పు నాదే. ఉన్నవాటిని చూడకుండ కొత్తదాన్ని తేబోయిన. మీ ముగ్గురి మనుషులను చూపెట్టు."

ప్రియదర్శిని ఒక్కొక్కరినే తెర మీదికి తెచ్చింది. ఐలయ్య కళ్లద్దాలు పెట్టుకుని, తొందరలేకుండా చదివాడు. రవీందర్‌కు బలం, జగదీశ్‌కు వేగం, ప్రియదర్శినికి విద్య. చూపు, మాట ముగ్గురికీ ఒక్కొక్కటే.

"ముగ్గురు మంచోళ్లే. ముగ్గురికీ కండ్లు లేవు, నోరు లేదు. కోట దర్వాజ కాడ నిలవెడితే మాట్లాడేదెవరు?"

"మాటలేంది, కొట్టుకుంట లోపలికి పోతం," అన్నాడు జగదీశ్.

"దర్వాజ దర్వాజకు కొట్టుకుంటె ఆఖరి దర్వాజ కాడికి ఎందరు మిగులుతరు?"

ప్రియదర్శిని చెల్లెలి చనువుతో అన్న భుజం మీద ఒకటి వేసింది. "దారంత దాచిపెట్టిన బోన్లు ఉంటయంట అన్నా. చూపు లేనోనికి కనపడవంట. నిన్ననే చదివిన."

"ఇగ రాయి," అన్నాడు ఐలయ్య. "బలం ఒకటి."

ఆమె వేలు ఆగింది. "ఒకటి అంటే వాడు సంచి గూడ ఎత్తలేడు తాతా."

"సంచి రవీందర్ మోస్తడు. చూపు తొమ్మిది, మాట తొమ్మిది. ఓర్పు మూడు. వేగం ఒకటి, విద్య ఒకటి."

"మరి ఏడో తరగతి?"

"అది నా దగ్గరనే ఉంటది, యాడికి పోతది."

జగదీశ్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. తప్పు పట్టాలనే చూశాడు. పాయింట్లు కూడి చూశాడు, తమ ముగ్గురి పక్కన పెట్టి చూశాడు. అయిదున్నర కావస్తోంది.

"పాండు షాపుల బలం ఒకటే అని చెప్తవా?"

"మొదాలు అదే చెప్త. ఎందుకు ఒకటో గూడ చెప్త. ఇననీకె ఓపిక ఉన్నోడు కూసుంటడు."

"మల్ల మార్చరాదు తాతా. ఆఖరు దాక గిదే."

"నొక్కు."

జగదీశ్ నొక్కాడు. జట్టులో నాలుగో గడి నిండింది. ఐలయ్య పేరు మిగిలిన మూడు పేర్ల సరసన అంతే పెద్ద అక్షరాలతో వచ్చింది. స్వరాజ్యం గింజల చేటతో లేచి వచ్చి, కళ్లు చికిలించి ఆ పేరు చదువుకుని పోయింది.

జగదీశ్ బూట్లు తొడుక్కుంటూ, "శుక్రవారం నాకు సెలవే, ఏడింటికి," అన్నాడు. "ముందు నువ్వే నడువాలె. బోన్లు కనపడేది నీకే గద. మేము నీ ఎనుక ఉంటం."

"ఉండుండ్రి," అన్నాడు ఐలయ్య. "నేను ఆగుమంటె మాత్రం ఆగాలె. ఎందుకని అడుగుడు తర్వాత."