కనెక్టర్‌కు రాసిన కొబ్బరినూనె

పిల్లలూ, మీ కాలేజీ ల్యాబ్‌కి స్పెక్ట్రమ్ అనలైజర్ వచ్చిందని మీరు ఫోన్‌లో చెప్పినప్పుడు నేను మాట మార్చాను, గుర్తుందా? సిగ్నల్ బలం చూపించే అలాంటి మిషను ముందే నేను తొమ్మిదేళ్లు కూర్చున్నాను.

మైపాడు రోడ్డులో పడవల వైర్‌లెస్ సెట్లు బాగుచేసే చిన్న షాపు అది. టంకం వేసి సెట్లు బాగుచేసేది ఒక అన్న. పరీక్షించి పంపేది నేను. సెట్టు పవర్ నేరుగా తగిలితే అనలైజర్ కాలిపోతుంది. అందుకని మధ్యలో పవర్ తగ్గించే అటెన్యుయేటర్ పెట్టి, కేబుల్ బిగించి, తెర మీద గీత ఎంత ఎత్తు లేచిందో చూసేదాన్ని. గీత తగ్గితే సెట్టు మళ్లీ అన్న దగ్గరికే.

ఉప్పుగాలికి మా ఇంట్లో కత్తెర కూడా తుప్పు పట్టేది. ఇనుప వస్తువులన్నిటికీ కొబ్బరినూనె రాయడం అలవాటు. ఒకరోజు కేబుల్ చివరనున్న కనెక్టర్ మీద పచ్చటి మరక కనిపిస్తే దానికీ రాశాను. ఇక వారం వారం రాసేదాన్ని. మంచిపని అనుకున్నాను.

కొన్నాళ్లకు సెట్లు వరసగా ఫెయిలవడం మొదలైంది.

"అన్నా, మళ్ళీ తక్కువే చూపిస్తా ఉంది."

"ఇంకోసారి టంకం ఏస్తాలేమ్మా. మిషను అబద్ధం చెప్తాదా?"

ఓనరు నవ్వాడు. "కళ్ళు కనిపిస్తా ఉండాయా అన్నా, తడుముకుంటా చేస్తా ఉండావా?"

అన్న నెల్లూరు వెళ్లి కళ్లజోడు చేయించుకొచ్చాడు. అయినా సెట్లు ఫెయిలే. ఓనరు ఆయన్ని బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టే పనికి మార్చి, కొత్త మెకానిక్‌ని తెచ్చాడు. అన్న టంకం కడ్డీ బల్ల మీద పెట్టేశాడు.

వారం తిరక్కుండానే కొత్తాయన సెట్లకూ గీత తక్కువే లేస్తే, అనుమానమొచ్చి కేబుల్ విప్పి చూశాను. నూనెకు ఉప్పూ దుమ్మూ పట్టి కనెక్టర్ లోపలంతా జిగురు, సిగ్నల్ పూర్తిగా దాటడం లేదు. స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ బిగించాను. అన్న చేసినవి, ఫెయిలని నేను పక్కన పెట్టినవి ఆరు సెట్లు ఎవరూ ముట్టకుండా ఇంకా అలమరలోనే ఉన్నాయి. ఒక్కొక్కటే తగిలించాను. ఆరింటికీ గీత నిండుగా లేచింది.

"పాసైనాయి సార్," అన్నాను.

"చూసినావా, కొత్తాయన చెయ్యి పడింది!" అన్నాడు ఓనరు.

నేను నోరు విప్పలేదు. నా కుర్చీ పోతుందని భయం. కొలిచే ముందు, బాగుందని తెలిసిన సిగ్నల్ ఒకటి తగిలించి చూసుంటే నిమిషంలో తేలిపోయేది. మీరు మాత్రం ఆ నిమిషం వదలకండి.

మీ ఫోన్ వచ్చాక నిద్ర పట్టలేదు. పోయిన వారం బస్సెక్కి మైపాడు వెళ్లాను. అన్న ఇంటి ముందు కూర్చుని వల బాగుచేస్తున్నాడు. అంతా చెప్పాను.

అన్న అడిగాడు. "ఆరూ బాగానే ఉన్నాయా?"

"ఆరూ బాగానే ఉన్నాయన్నా."

కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. వల వైపు చూసి మళ్లీ పెట్టుకున్నాడు.

"అప్పుడైతే ఇది అక్కర్లేదన్నమాట. ఇప్పుడు ఇది లేకుంటే నిజంగానే కనపడదులేమ్మా."