కాటా బాబాయి కొన్న బరువు

పార్సిల్ ఆఫీసులో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ కాటా బాబాయే. మూటని చేతిలోకి తీసుకుని ఒక్కసారి ఆడించి బరువు చెప్పేస్తాడు. తర్వాత కాటా మీద పెడితే అదీ బుద్ధిగా ఆయన మాటే చెబుతుంది. పెళ్లాం మాటకన్నా ఆ చేతిమీదే ఆయనకి గురి ఎక్కువని వీధిలో చెప్పుకుంటారు.

అలాంటి మనిషికి క్రిప్టో నాణేల పిచ్చి పట్టింది. పాత కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డులు ఐదు పోగేసి, ఇనప చట్రానికి వరసగా బిగించి, వెనక గదిలో పెట్టాడు. ఆ బండి కూర్చున్నచోటే లెక్కలు చేసి నాణేలు సంపాదిస్తుందట. ముందు గదిలో పిన్ని కుట్టు దుకాణం. ఇక కావలసిందల్లా ఆ కార్డులకు కరెంటు అందించే పవర్ సప్లై.

కంప్యూటర్ దుకాణం అమ్మాయి మంచిదొకటి చూపిస్తే, బాబాయి చేత్తో ఆడించి పెదవి విరిచాడు.

"దీంట్లో సరుకు లేదమ్మా. గాలి అమ్ముతున్నావా?"

"ఇదేమన్నా గుమ్మడికాయా బాబాయ్, ఎత్తి చూసి కొనడానికి? పైగా మీ కార్డులకి ఒకటి చాలదు, రెండు కావాలి."

"రెండు గాలి పెట్టెలా? నాకొద్దులే."

నేరుగా పాత బజారుకి వెళ్లాడు. అక్కడ దొరికింది దిమ్మలాంటిది. కంపెనీ పేరు లేదు గానీ, రెండు వేల వాట్లని మాత్రం బండక్షరాలతో ఉంది. చెయ్యి సై అంది. ఇంటికొచ్చి తగిలించి స్విచ్ వేశాడు. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి, టప్‌మని ఒక చప్పుడు, ఇల్లంతా కాలిన కంపు. కరెంటు పోయింది. ముందు గదిలో పిన్ని ఇస్త్రీ పెట్టె చల్లారింది. సాయంత్రానికి ఇవ్వాల్సిన బడి యూనిఫారాలు ముడతలతో అలాగే ఉన్నాయి.

పిన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అరవలేదు. అదే భయం.

"ఇంకొక్కసారి నా ఇస్త్రీ పెట్టె ఆరిందంటే, నీ నాణేల బండిని పాత సామానోడికి ఎత్తిచ్చేస్తా."

"వాడికి చట్రం బరువొక్కటే గిట్టుబాటవుతుందే."

"నిన్ను కూడా కలిపి తూయిస్తాలే."

మర్నాడు ఆ దిమ్మని చంకన పెట్టుకుని అమ్మాయి దగ్గరికే వెళ్లాడు. ఆమె జాగ్రత్తగా మూత విప్పింది. లోపల నాలుగు తీగలు, ఓ చిన్న ఫ్యాను, అడుగున బంకతో అతికించిన ఇనప పలక. బాబాయి దాన్ని ఊడబీకి చేత్తో ఆడించాడు.

"ముప్పావు కిలో," అన్నాడు నీరసంగా.

అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. "బరువు కరెక్టే బాబాయ్, మీ చేతిని ఏమీ అనలేం."

తర్వాత ఇద్దరూ కూర్చుని ఒక్కో కార్డు ఎంత కరెంటు తింటుందో లెక్క కట్టారు. పైన కాస్త మిగిలేలా చూసి రెండు గాలి పెట్టెలే తీసుకున్నారు. రెండూ ఒకేసారి ఆన్ అయ్యేలా మధ్యలో కలపడానికి చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి. ఇస్త్రీ పెట్టె సంగతి కూడా విని, వచ్చేటప్పుడు అమ్మాయి గట్టిగా చెప్పింది:

"ఒక్కో కార్డుకి తీగలన్నీ ఒకే పెట్టెలోంచి రావాలి, రెండు పెట్టెలవీ కలగాపులగం చెయ్యొద్దు. పిన్ని ఇస్త్రీ ప్లగ్గు జోలికి అసలు పోవద్దు."

ఈసారి బాబాయి దేన్నీ చేత్తో ఆడించలేదు. చెప్పింది చెప్పినట్టు బిగించాడు. పిన్ని కావాలనే ఇస్త్రీ పెట్టె వేడెక్కించి, చొక్కా మీద పెట్టి, "ఊఁ, వెయ్యి," అంది. స్విచ్ పడింది. ఐదు కార్డులూ హాయిగా గుర్రు పెట్టాయి. దీపం కూడా వణకలేదు. పిన్ని చొక్కా మడత పెట్టేదాకా బాబాయి ఊపిరి తీసుకోలేదు.

"సరే, ఉండనీ," అంది పిన్ని. ఆ మాట కోసమే కాచుకున్న బాబాయి ముఖం చాటంత అయింది.

బాబాయి వెంట తెచ్చిన ఇనప పలక మాత్రం పిన్నికి తెగ నచ్చింది. కత్తిరించేటప్పుడు గుడ్డ జారకుండా బల్ల మీద పెడుతోంది. బేరానికొచ్చినవాళ్లు ఇదేంటని అడిగితే, "మా ఆయన ఏరికోరి తెచ్చాడు," అంటుంది. వెనక గదిలోంచి బాబాయి వినబడనట్టే ఉంటాడు.