ముందు చక్రాల బొట్టు

ఇరవై ఏళ్ల వయసులో మనిషికి తెలియనిదంటూ ఉండదు. ఆ రోజుల్లో నాకూ అన్నీ తెలుసు. మేనమామ దుబాయి పోతూ కోరుట్లలో తన పాత జీపు నాకు అప్పగించాడు. నాలుగు చక్రాలూ లాగే బండి అది. ముందు చక్రాలకు నడిమధ్యన, ఒక్కోదానికి ఒకటి చొప్పున, గుండ్రటి బిళ్లలు రెండుండేవి. అవి అలంకారమనుకుని ప్రతి దసరాకూ పసుపు మెత్తి, కుంకుమ బొట్లు పెట్టేవాణ్ణి. (నా భక్తికి వాటి మీది అక్షరాలు పూర్తిగా పూడిపోయాయి.)

ఒక వానాకాలం పొద్దున అత్తమ్మకు, అంటే మేనమామ భార్యకు, ఫోనొచ్చింది. వీర్నపల్లి అవతలి పల్లెలో ఆమె అక్క ఆఖరి ఘడియల్లో ఉంది, చెల్లెలినే కలవరిస్తోంది. "సిరిసిల్ల దాంక బస్సుల పోదాం అల్లుడా, ఆడికెళ్లి ఆటో. దిగి చెరువుకట్ట మీదికెళ్లి నడుస్తే అరగంట" అంది అత్తమ్మ. "గింత బండి పెట్టుకొని బస్సెందుకు అత్తమ్మా? గిది గుట్టలెక్కుతది" అన్నాను.

గుట్టల సంగతి దేవుడెరుగు, ఊరు కనిపించే దూరంలో వాగులో దిగబడింది. నాలుగు చక్రాలూ లాగాలని పక్కనున్న చిన్న గేరు కడ్డీ ముందుకేశాను, వెనక్కేశాను. వెనక చక్రాలు బురద చిమ్ముతున్నాయి, ముందువి ఊరికే చూస్తున్నాయి. అత్తమ్మ చెప్పులు చేతబట్టుకుని "నేను నడుస్త తియ్" అంది. "ఐదు నిమిషాలు అత్తమ్మా, ఎల్తది" అన్నాను. ఆ ఐదు నిమిషాలు రెండు గంటలయ్యాయి. పాపం, ఆమె నన్ను నమ్మి కూర్చుంది.

చివరికి ట్రాక్టర్ మీద వచ్చిన ఒక ముసలాయన బురదలో కూర్చుని, ఆ బిళ్లల మీది కుంకుమ గోటితో గీకి, రెండింటినీ చేత్తో తిప్పాడు. "గివి తిప్పి లాక్ జేస్తెనే ముంగటి చక్రాలు తిరుగుతయ్ తమ్మీ. బొట్లు పెడితె ఏమస్తది?" అన్నాడు. బండి ఒక్క ఊపున ఒడ్డెక్కింది.

మేము చేరేసరికి అక్కను వాకిట్లో పడుకోబెట్టారు. ప్రాణం పోయి గంట కూడా కాలేదట. అత్తమ్మ ఆమె పాదాలు పట్టుకుని ఏడుస్తుంటే నేను జీపు దగ్గరే నిలబడిపోయాను. లోపలికి పోవడానికి నాకు ముఖం చెల్లలేదు. అడిగినవాళ్లందరికీ, ఫోన్లో మామకు కూడా, అత్తమ్మ ఒకటే మాట చెప్పింది. "వాగు అడ్డమచ్చింది."

ఇప్పటి నా బండిలో ఆ బిళ్లలు తిప్పే పనంతా దానంతటదే జరిగిపోతుంది, దిగనక్కర్లేదు. మొన్న అత్తమ్మను ఎక్కించుకుని జగిత్యాల పోతూ, ఇన్నేళ్లకు నోరు తెరిచాను. "గా రోజు అడ్డమచ్చింది వాగు కాదత్తమ్మా, నేను."

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే, "నేను బండ్లనే ఉన్న గద అల్లుడా. ముసలాయన జెప్పింది నేను గూడ ఇన్న" అంది. మళ్లీ తనే, "నేను దిగి నడవాల్సుండె. నడవలే. గది నేనెవలికి జెప్పుకోవాలె?" అంది.

బిళ్లలకు బొట్లు పెట్టిన ఆ ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి తలుచుకుంటే ఒంటరిగా ఉన్నప్పుడు నాకు నవ్వొస్తుంది. అత్తమ్మ పక్కన కూర్చున్నప్పుడు మాత్రం రాదు.